మర్చిసన్ ఫాల్స్ పార్కుకి ఎలా వెళ్లాలి: నైలు నది కోసం రెండు రాత్రులు ఉంచుకోండి

ఉగాండా వాయవ్య దిక్కున విక్టోరియా నైలు నది ఆల్బర్ట్ సరస్సులో కలవబోయే ముందు ఒక పెద్ద గడ్డిమైదానాన్ని రెండుగా చీల్చుకుంటూ పోతుంది. నదికి అటూ ఇటూ ఉన్న ఆ నేలే మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్కు. 1952లో ఏర్పాటైంది. విస్తీర్ణం దాదాపు 3,900 చదరపు కిలోమీటర్లు. ఆ దేశంలో ఇంతకంటే పెద్ద పార్కు లేదు.

ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్లు ఎన్ని సింహాలు కనిపిస్తాయని అడుగుతారు. ఇక్కడికి ఆ లెక్కతో వెళ్లకండి. ఇక్కడ నదే ముఖ్యం. కంపాలా నుంచి ఒక్క రాత్రికి పరిగెత్తుకెళ్లి, ఒక సఫారీ, ఒక పడవ ఎక్కి తిరిగొచ్చేవాళ్లు చాలామంది. అలా వెళ్తే ఈ చోటు చేతికి అందదు. కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి, అందులో ఎక్కువ సమయం నీళ్ల దగ్గరే గడిచేలా చూసుకోండి. ఏనుగులు, దున్నలు ఎలాగూ దాహానికి అక్కడికే వస్తాయి.

ముందుగా టీకా

విమానం టికెట్ కంటే ముందు చూసుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. ఇది లేకుండా ఉగాండాలోకి రానివ్వరు. అంతకంటే పెద్ద చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. ఉగాండా నుంచి వచ్చేవాళ్ల దగ్గర సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుబాటు అవుతుంది. కాబట్టి ప్రయాణానికి వారం ముందు పరిగెత్తితే లాభం లేదు.

ఈ టీకా ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో వెయ్యరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ఏ రోజు వేస్తారో, అపాయింట్‌మెంట్ కావాలో ముందే కనుక్కుని పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకుంటే ఈ సంగతి తేలాకే మిగతా బుకింగులు చెయ్యండి.

రెండోది మలేరియా. నైలు ఒడ్డున ఏడాది పొడవునా ఉంటుంది, అదీ ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం. నివారణ మాత్రలు తప్పకుండా వాడాలి. ఏ మందు మీకు సరిపడుతుందో డాక్టరు చెప్తారు. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వారం చాలు. ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో ఆపేసేవాళ్లే ఎక్కువ, ఆ పని చెయ్యొద్దు.

వీసా, విమానం, డబ్బు

వీసాకి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్టు, ఫోటోతో పాటు ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ కూడా అప్‌లోడ్ చేయమంటారు. అందుకే టీకా ముందు అన్నాను. ఉగాండా ఒక్కదానికే అయితే టూరిస్ట్ వీసా 50 డాలర్లు. కెన్యా, రువాండా కూడా కలుపుకుని తిరగాలంటే మూడు దేశాలకీ చెల్లే ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా 100 డాలర్లు.

దిగాల్సింది ఎంటెబ్బెలో. ముంబై నుంచి నేరుగా వెళ్లే విమానం 2023లో మొదలైంది. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు అడిస్ అబాబా, దుబాయ్, దోహా లాంటి చోట మారవచ్చు. ఎంటెబ్బె నుంచి రాజధాని కంపాలా నలభై కిలోమీటర్లే కానీ ట్రాఫిక్ ఘోరంగా ఉంటుంది. దిగిన రోజే పార్కుకి బయల్దేరాలని చూడకండి. ఆ రాత్రి ఎంటెబ్బెలోనో కంపాలాలోనో పడుకుని తెల్లవారుజామున బయల్దేరండి.

డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లు తీసుకెళ్లండి. పాత సిరీస్ నోట్లు, చిరిగినవి, పెన్ను గీతలున్నవి అక్కడ తీసుకోరు. ఎయిర్‌టెల్ సిమ్ అక్కడ కూడా దొరుకుతుంది, పాస్‌పోర్టు చూపిస్తే ఇస్తారు. పార్కు గేటు దగ్గర కార్డుతోనో మొబైల్ మనీతోనో కట్టాల్సి వస్తుంది కాబట్టి ఒక్క నగదునే నమ్ముకోవద్దు. ప్రవేశ రుసుము విదేశీ సందర్శకులకి మనిషికి 40-50 డాలర్ల మధ్య ఉంటుంది. కంపాలాలో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు తక్కువేం కాదు. అక్కడి వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లకి రుసుము తగ్గుతుంది. మీ బంధువులు అక్కడుంటే ఆ కాగితాలు వెంట తెచ్చుకోమనండి.

ఆ టికెట్ గేటు దాటిన సమయం నుంచి 24 గంటలు చెల్లుతుంది. ప్రయాణం మొత్తం దీని చుట్టూనే వేసుకోవాలి. మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండుకి లోపలికి వెళ్లి మూడో రోజు పన్నెండులోపు బయటికొస్తే సరిగ్గా రెండు టికెట్లతో రెండు రాత్రులు, రెండు ఉదయాలు దక్కుతాయి. పొద్దున్నే తొమ్మిదికి వెళ్లారంటే చివరి రోజు ఉదయం సఫారీ మధ్యలోనే గడువు తీరిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు ఉండవు, గడ్డి ఎండి పల్చబడుతుంది, జంతువులు నది దగ్గరికి చేరతాయి. ఎండ మాత్రం మన రామగుండం ఎండని గుర్తు చేస్తుంది. జూన్, జులై కూడా పర్వాలేదు. ఏప్రిల్-మే నెలల్లో, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలు పడతాయి, గడ్డి జీపు కిటికీ ఎత్తుకి పెరుగుతుంది. అందులో సింహం పక్కనే పడుకున్నా కనిపించదు. పక్షుల కోసం వెళ్లేవాళ్లకి, జనం తక్కువగా ఉండాలనుకునేవాళ్లకి ఆ కాలమే బాగుంటుంది.

బండి, సామాను

అక్కడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి సొంతంగా నడపాలనిపిస్తుంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండి అద్దెకి దొరుకుతుంది. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు డ్రైవర్‌తో పాటు బండి మాట్లాడుకోండి అనే నేను చెప్తాను. జంతువు ఎక్కడుందో పసిగట్టే కన్ను ఆయనకి ఉంటుంది. బండి పైకప్పు ఎత్తి నిలబడి చూసే వీలుందో లేదో ముందే అడగండి. ఖర్చులో పెద్ద భాగం బండిదే, అందుకని నలుగురు కలిసి వెళ్తే చాలా తేడా పడుతుంది.

బట్టల విషయంలో రెండు జాగ్రత్తలు. మిలటరీ చుక్కల బట్టలు వేసుకోవద్దు. ఉగాండాలో మామూలు మనుషులు అవి వేసుకోవడం నేరం, టోపీ అయినా సరే. నలుపు, ముదురు నీలం కూడా వద్దు. దీనికి కారణం సెట్సీ ఈగ. ఆ రెండు రంగులూ దాన్ని పిలిచినట్టు లాగుతాయి. దారి పక్కన చెట్లకి నీలం, నలుపు గుడ్డలు వేలాడదీసి ఉంటే అవి దాన్ని పట్టే ఉచ్చులని తెలుసుకోండి. మన ఇంటి ఈగ కంటే పెద్దది, రెక్కలు కత్తెరలా ఒకదాని మీద ఒకటి మడిచి కూర్చుంటుంది. పల్చటి చొక్కా మీద నుంచే కుడుతుంది. చేత్తో తోలితే పోయి మళ్లీ అక్కడికే వస్తుంది. దోమల క్రీములు దాని మీద పెద్దగా పనిచెయ్యవు. దక్షిణ గట్టు అడవి దారిలో ఇవి ఎక్కువ. అక్కడ బండి అద్దాలు ఎక్కించుకుని, ఖాకీ లేదా లేత రంగు మందపాటి ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

బైనాక్యులర్స్ మనిషికొకటి పెట్టుకోండి. జంతువు కనిపించిన క్షణంలో ఒకే జత చేతులు మారుతుంటే ఎవరికీ తృప్తి ఉండదు. టార్చి, టోపీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్ అడాప్టర్ కూడా ఉండాలి. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్యండి.

దారి

కంపాలా నుంచి మసిండి మీదుగా పార్కు దాదాపు 300 కిలోమీటర్లు, ఐదారు గంటలు. ఉదయం ఆరు కల్లా బయల్దేరితే మధ్యాహ్నానికి దక్షిణ గేటు చేరతారు. కరుమా మీదుగా ఉత్తరం నుంచి కూడా లోపలికి రావచ్చు. వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకోటి పెట్టుకుంటే రెండూ చూసినట్టవుతుంది.

దారిలో నకసొంగోలా ప్రాంతంలో జీవా ఖడ్గమృగాల కేంద్రం ఉంది. వేట వల్ల 1980ల మొదట్లోనే ఉగాండా అడవుల్లో ఖడ్గమృగం లేకుండా పోయింది. 2005 నుంచి బయటి నుంచి తెచ్చి ఇక్కడ పెంచుతున్నారు. రేంజర్‌తో కాలినడకన వెళ్లి చూడొచ్చు. తిరుగు ప్రయాణంలో ఆగితే బాగుంటుంది, వెళ్లేటప్పుడు ఆగితే ఆలస్యమై మొదటి సాయంత్రం చేజారుతుంది.

మసిండి దాటాక బుడోంగో అడవి వస్తుంది. మహాగని చెట్ల అడవి అది, చింపాంజీలు ఉంటాయి. వాటిని చూడాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి, ఇంకో రోజు కలుపుకోవాలి. జలుబు, దగ్గు ఉంటే వెళ్లకండి. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు.

మొదటి సాయంత్రం: జలపాతం పైన

దక్షిణ గేటు నుంచి వస్తే నేరుగా బసకి పోకుండా జలపాతం పైభాగానికి వెళ్లండి. యాభై మీటర్ల వెడల్పు ఉన్న నది ఇక్కడ ఏడు మీటర్ల రాతి సందులోకి ఇరుక్కుని నలభై మీటర్లకి పైగా కిందికి దూకుతుంది. నీళ్లు పడడం కాదు, తోసుకుని బయటికి చిమ్మినట్టుంటుంది. కాలి కింద రాయి అదరడం తెలుస్తుంది. తుంపరకి రాళ్లు తడిసి నాచు పట్టి ఉంటాయి కాబట్టి పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, పిల్లల చెయ్యి వదలకండి, రెయిలింగ్ దాటి సెల్ఫీకి పోవద్దు. పక్కనే ఉహురు అనే రెండో జలపాతం కనిపిస్తుంది. స్వాహిలి భాషలో ఉహురు అంటే స్వాతంత్ర్యం. 1962 ప్రాంతపు పెద్ద వరదల్లో నది తవ్వుకున్న కొత్త దారి అది. ఉగాండాకి స్వాతంత్ర్యం వచ్చింది కూడా 1962లోనే.

1864లో శామ్యూల్ బేకర్, ఫ్లోరెన్స్ దంపతులు ఇక్కడికి వచ్చారు. లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు మర్చిసన్ పేరు దీనికి పెట్టింది బేకరే. ఉగాండా నియంత ఈదీ అమీన్ కాలంలో కొన్నాళ్లు దీన్ని కబలేగా అన్నారు. 1890లలో బ్రిటిష్ వాళ్లతో పోరాడి, 1899లో పట్టుబడి సీషెల్స్ దీవులకి ప్రవాసం పంపబడ్డ బున్యోరో రాజు ఆయన. మసిండి బున్యోరో నేలే. అక్కడి గైడ్‌ని కబలేగా గురించి అడగండి, బేకర్ గురించి చెప్పేదానికంటే ఎక్కువ చెప్తాడు.

రెండో ఉదయం: ఉత్తర గట్టు

జంతువులు ఎక్కువగా ఉండేది నదికి ఉత్తరాన, రెండు నైలు పాయల మధ్య బులిగి అనే నేలలో. పారా దగ్గర ఒకప్పుడు ఫెర్రీ కోసం కాచుకుని ఉండాల్సి వచ్చేది, ఇప్పుడు వంతెన ఉంది. సూర్యోదయానికి మైదానంలో ఉండేలా బయల్దేరండి. తొమ్మిదిన్నర దాటితే ఎండకి అన్నీ నీడకి పోతాయి.

మైదానంలో మొదట మీ కళ్లు ఆగేది జంతువుల మీద కాదు, తాటిచెట్ల మీద. గడ్డి మధ్య ఎంత దూరం చూసినా తాళ్లే. మన తాటికి దగ్గరి చుట్టం ఇది. దగ్గరికెళ్లి చూస్తే తేడా తెలుస్తుంది. మన తాటిమాను పైదాకా దాదాపు ఒకే లావున పోతుంది, దీనికి సగం ఎత్తు దాటాక పొట్ట వచ్చినట్టు ఉబ్బు ఉంటుంది. ఆ చెట్ల కింద ఏనుగు లద్దె కనిపిస్తే గైడ్‌ని బండి ఆపి చూపించమనండి. లోపల పీచుతో సహా తాటి టెంకలు కనిపిస్తాయి. పండు ఏనుగు తింటుంది, టెంక మైళ్ల అవతల పడి మొలుస్తుంది. ఈ మైదానంలో తాటిని విత్తుతున్నది ఏనుగే. తాటిపండు వాసన తెలిసిన మనకి ఈ సంగతి అక్కడ నిలబడి చూస్తే కలిగే సంతోషం వేరు.

కోబ్ అనే జింకలు వందల కొద్దీ కనిపిస్తాయి. రెండు నిమిషాల్లో విసుగొచ్చి ముందుకి పోనివ్వమంటారు చాలామంది. ఆగండి. మగ కోబ్‌లు ఒక్కొక్కటి చిన్న గుండ్రటి జాగా కాపలా కాస్తూ ఈలలాంటి కూత వేస్తాయి, పక్కవాడు గీత దాటితే కొమ్ములు దించుతాయి. సింహం జాడ చెప్పేది కూడా ఇవే. పది పదిహేను కోబ్‌లు మేత మాని, చెవులు నిక్కించి, అన్నీ ఒకే వైపు చూస్తూ నిలబడ్డాయంటే మీ బైనాక్యులర్స్ అటు తిప్పండి.

జిరాఫీలు ఇక్కడ గుంపులుగా తిరుగుతాయి. మోకాళ్ల కింద మచ్చలు లేకుండా తెల్ల మేజోళ్లు వేసుకున్నట్టుంటాయి. రోత్‌చైల్డ్ జిరాఫీ అంటారు, ప్రపంచంలో మిగిలిన ఈ రకంలో చాలా భాగం ఈ పార్కులోనే ఉంది. దక్షిణ గట్టున అసలు లేకపోతే 2016లో కొన్నిటిని నది దాటించి అక్కడ వదిలారు. ఏనుగులదీ పెద్ద కథే. అమీన్ కాలం, ఆ తర్వాతి యుద్ధాల్లో వేలల్లో ఉన్నవి కొన్ని వందలకి పడిపోయి, కాపాడగా మళ్లీ పెరిగాయి. ఇప్పటికీ ఇనుప తీగ ఉచ్చులు పెట్టేవాళ్లున్నారు. తొండం చివర తెగిన ఏనుగు కనిపిస్తే అది ఉచ్చు పనే అనుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సింహం దగ్గరికి పోనివ్వమని, దారి దిగమని డ్రైవర్‌కి డబ్బు ఆశ చూపించకండి. దారి దిగిన చక్రం కింద నేల మీద గూడు పెట్టిన పక్షి గుడ్లు ఉంటాయి, గడ్డిలో దాచిన కోబ్ పిల్ల ఉంటుంది. దూరంగా ఉన్న సింహాన్ని దూరంగానే చూడండి.

ఆ మధ్యాహ్నం: పడవ

పారా రేవు నుంచి జలపాతం అడుగు దాకా ఎదురు ప్రవాహంలో పదిహేడు కిలోమీటర్లు, రానుపోను మూడు గంటలు. ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలా పడవలుంటాయి. మధ్యాహ్నం రెండింటిది తీసుకోండి. ఎండకి జంతువులు నీళ్ల దగ్గరే ఉంటాయి, తిరిగొచ్చేటప్పుడు వెలుతురు మెత్తబడుతుంది. సెలవుల్లో రద్దీ ఉంటుంది కాబట్టి ముందే బుక్ చేసుకోండి. పై అంతస్తులో కూర్చోవాలంటే అరగంట ముందు రేవులో ఉండండి. ఆ అరగంటా తినే సంచి మూసి పట్టుకోండి. అక్కడి బబూన్ కోతులు మన తిరుమల కోతుల కంటే బలమైనవి, చేతిలోంచి లాక్కుపోతాయి.

హిప్పోలు పడవ బయల్దేరిన కాసేపటికే మొదలవుతాయి. మొదట నీళ్ల మీద చెవులు, కళ్లు, ముక్కు రంధ్రాలు మాత్రమే కనిపిస్తాయి. ఇసుక తిన్నెల మీద మొసళ్లు నోళ్లు తెరుచుకుని పడుకుంటాయి. ఒళ్లు వేడెక్కకుండా అలా చేస్తాయి, దాడికి కాదు. నిలువు మట్టిగట్టు రంధ్రాలమయంగా కనిపిస్తే పడవ ఇంజన్ తగ్గించమని అడగండి. అవి ఎర్ర గొంతు పసిరిక పిట్టల ఇళ్లు, వందలు ఒక్కచోట ఎగురుతుంటాయి. లకుముకి పిట్టలు రకరకాలు. మన నారాయణ పక్షి జాతిలో కెల్లా పెద్దదైన గోలియత్ కొంగ ఒంటరిగా నీళ్లలో నిలబడి ఉంటుంది, ఎత్తు దాదాపు ఐదడుగులు.

కాస్త దూరం పోయాక నీటి మీద తెల్లటి నురగ ముద్దలు ఎదురొస్తాయి. ఒక్కోటి విస్తరంత, కొన్ని నిమిషాల తర్వాత చాపంత. జలపాతం ఇంకా కనిపించదు, చప్పుడు కూడా లేదు, నురగ మాత్రం వస్తూనే ఉంటుంది. ఆ నురగని గమనిస్తూ పొండి. సుడులు ఎక్కువ కాబట్టి జలపాతానికి కొన్ని వందల మీటర్ల ఇవతలే పడవ ఆపేస్తారు. ఓపికున్నవాళ్లు అక్కడ దిగి రేంజర్‌తో కొండదారిలో పైకి ఎక్కొచ్చు, ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. నిట్టనిలువుగా ఉంటుంది, ఉక్కపోత. మీ బండి పైకి వచ్చి ఉండేలా డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పడవలోనే వెనక్కి రావడం మంచిది.

నీళ్లలో చెయ్యి పెట్టొద్దు, గట్టున కాళ్లు తడుపుకోవద్దు. మొసళ్ల భయం ఎటూ ఉంది, నీళ్లలో ఉండి చర్మంలోంచి ఒంట్లోకి దూరే బిల్హార్జియా పురుగు భయం కూడా ఉంది.

మూడో ఉదయం

పక్షుల మీద ఆసక్తి ఉంటే ప్రవాహం వెంట ఆల్బర్ట్ సరస్సు వైపు వెళ్లే డెల్టా పడవ ఎక్కండి. జమ్ము పొదల మధ్య షూబిల్ ఉంటుంది. బూడిద రంగు, మనిషి నడుము దాటిన ఎత్తు, చెక్క చెప్పులాంటి ముక్కు. గంటసేపు కదలకుండా నిలబడగలదు. కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇచ్చారంటే నమ్మకండి. ఆసక్తి లేకపోతే ఇంకోసారి ఉత్తర గట్టు మైదానానికే వెళ్లండి.

బస, తిండి

నదికి రెండు గట్లా ఖరీదైన లాడ్జీల నుంచి గుడారాల దాకా ఉన్నాయి. పార్కు బయట పక్వాచ్, మసిండి వైపు ఉంటే చవక, కానీ తెల్లవారుజాము వెలుతురు దారిలోనే గడిచిపోతుంది. రాత్రి హిప్పోలు గడ్డి కోసం బస ఆవరణలోకి వస్తాయి. గదికీ భోజనశాలకీ మధ్య వాచ్‌మన్ తోడు లేకుండా నడవకండి. హిప్పోకీ నీళ్లకీ మధ్యన ఎప్పుడూ నిలబడకండి.

శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు. బీన్స్ కూర, పల్లీల పులుసు, మొక్కజొన్న పిండితో చేసే పోషో, ఉడికించిన పచ్చి అరటి మటోకే, చపాతీ దాదాపు అంతటా దొరుకుతాయి. కారం మాత్రం ఉండదు. ఒక సీసా ఆవకాయ, కొంచెం కందిపొడి వెంట ఉంటే చాలు.

దారిలో కనిపించే చమురు బావులు

పార్కులో నున్నటి తారు రోడ్లు చూసి ఆశ్చర్యపోతారు. అవి సందర్శకుల కోసం వేసినవి కావు. ఆల్బర్ట్ సరస్సు ప్రాంతంలో 2006లో చమురు దొరికింది. టోటల్‌ఎనర్జీస్ నడిపే టిలెంగా ప్రాజెక్టు బావుల్లో కొన్ని పార్కు లోపలే ఉన్నాయి. ఆ చమురు టాంజానియా తీరానికి 1,443 కిలోమీటర్ల పైపులో పోవాలి. మన ప్రయాణం సులువైంది ఆ రోడ్ల వల్లే, అయినా జిరాఫీల వెనకాల లారీలు చూస్తే నాకు మనసు బాధగా ఉంటుంది. గైడ్‌లని, రేంజర్లని దీని గురించి అడగండి. ఉద్యోగాలొచ్చాయనే వాళ్లున్నారు, ఏనుగులు దారులు మార్చుకున్నాయనే వాళ్లున్నారు. ఇద్దరి మాటా వినాల్సిందే.

తిరిగొచ్చాక

శంషాబాద్‌లో ఎల్లో ఫీవర్ కార్డు చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. మలేరియా మాత్రల కోర్సు పూర్తి చెయ్యండి. ఆ తర్వాత కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా, అది మామూలు వైరల్ అనిపించినా, అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి. ఆఫ్రికా వెళ్లొచ్చానని డాక్టరు అడగకముందే చెప్పండి.